లెక్కకు రానివాళ్ల స్వేచ్ఛ

ఒకే పార్టీ దశాబ్దాల తరబడి ఏలుతూ ఉంటే రాజకీయ స్వేచ్ఛ మిగులుతుందా? ఈ ప్రశ్నని మన మేధావులు ఎప్పుడూ చైనా దగ్గర మొదలుపెడతారు. లేదంటే కూలిపోయిన సోవియట్ యూనియన్ దగ్గర, సింగపూర్ దగ్గర. మేము పలాస దగ్గర మొదలుపెడతాం. టెక్కలి దగ్గర, ఉద్దానం తీరం దగ్గర మొదలుపెడతాం.

అందుకు కారణం ఉంది. శ్రీకాకుళం జిల్లాలో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. కడపలో, కర్నూలులో, గుంటూరులో మావాళ్లని ఓటుబ్యాంకు అని తిడతారు. ఇక్కడ ఆ తిట్టుకి కూడా మేము చాలం. ఏ పార్టీ గెలుపూ మా చేతిలో లేదు, ఏ పార్టీ ఓటమీ మా వల్ల కాదు. ఎన్నికలప్పుడు మా గల్లీకి జీపు రాకపోయినా ఎవరికీ నష్టం లేదు. ఇట్లాంటి వాళ్లకి స్వేచ్ఛ ఎక్కడినుంచి వస్తుంది? సంఖ్యలోంచి రాదు. బలంలోంచి రాదు. చట్టంలోంచి రావాలి. తాసిల్దారు ఆఫీసు, పోలీసు ఠాణా, పాలకపార్టీ ఆఫీసు - ఈ మూడూ వేరువేరుగా ఉన్నప్పుడే చట్టం మా దాకా వస్తుంది. ఒకే పార్టీ ఏళ్లకేళ్లు కుర్చీలో ఉంటే ఈ మూడూ ఒకే ఇంట్లో మూడు గదులవుతాయి. అప్పుడు మాకు మిగిలేది దయ. దయ మీద బతికేవాడు సుఖంగా బతకొచ్చు గాని స్వేచ్ఛగా బతకలేడు.

ఇదీ మా వాదన. దీన్ని ముస్లింల గోడుగా మాత్రమే చదవొద్దని కోరుతున్నాం. లెక్కకు రానివాళ్లు ఈ దేశంలో మేమొక్కళ్లమే కాదు.

ముందు ఒక మాట. మేము ఈ తీరానికి నిన్నమొన్న దిగినవాళ్లం కాదు. కళింగసీమలో గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారుగా ఉన్న షేర్ మహమ్మద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన జుమ్మా మసీదు శ్రీకాకుళం పట్టణంలో ఇప్పటికీ నిలబడి ఉంది. చికాకోల్ సర్కారు అని పాత కాగితాల్లో రాసేది ఈ సీమనే. అంటే ఒకప్పుడు హుకూమత్ మా పేర్లతో నడిచింది. ఆ సంగతి గర్వంగా చెప్పుకునేవాళ్లు మాలో ఉన్నారు. మేము చెప్పుకోం. ఫౌజుదారు ఏలినప్పుడు దూదేకులవాడు ఏలలేదు, బెస్తవాడు ఏలలేదు. పాలకుడి పేరు మన పేరులాగ ఉన్నంత మాత్రాన పాలన మనది కాదు. ఈ ముక్క మావాళ్లకీ చెప్పాలి, ఇవాళ ఢిల్లీలో తమ పేరుగలవాళ్లు కూర్చున్నారని మురిసిపోతున్న తక్కినవాళ్లకీ చెప్పాలి.

రెండు భాషల్లో బతికేవాళ్లకి కొన్ని మాటలు రెండువైపులా కనపడతాయి. తెలుగులో రైతు అంటే నేల దున్నేవాడు. ఆ మాట వచ్చింది రయ్యత్ నుంచి. రయ్యత్ అంటే ఏలబడేవాడు, ప్రజ. మన ఊళ్లో నేల దున్నేవాడి పేరులోనే వాడు ఒకడి కింద ఉన్నాడన్న సంగతి ఉంది. ప్రభుత్వం అన్న మాటలో ప్రభువు ఉన్నాడు. ఉర్దూలో సర్కార్ అంటే ప్రభుత్వమూ అవుతుంది, దొరగారూ అవుతారు. రెండు భాషలూ ఏలికనీ, ఏలబడేవాణ్ణీ బాగా ఎరుగును. పౌరుడు అన్న మాటనే రెండూ ఇంకా సరిగ్గా నోటికి తెచ్చుకోలేదు.

ఈ రయ్యత్ తలెత్తిన చోటు కూడా ఇదే. 1940లో పలాసలో అఖిలభారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ సంవత్సరమే మందస జమీందారీలో రైతులు ఎదురుతిరిగితే పోలీసులు కాల్చారు. గున్నమ్మ చనిపోయింది. అప్పుడు తెల్లవాడి ప్రభుత్వం, జమీందారు మాట. 1947లో జెండా మారింది. జమీందారీలు పోయాయి. ఆ తర్వాత ఏం జరిగిందన్నదే మా ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్ 1956లో ఏర్పడింది. అప్పటినుంచి 1983 జనవరి దాకా, 1973లో రాష్ట్రపతి పాలన నడిచిన కొన్ని నెలలు తప్ప, కాంగ్రెసే ఏలింది. ఇరవయ్యారేళ్ల పైమాట. ఈ కాలంలో ఎన్నికలు ఆగలేదు. పత్రికలు వచ్చాయి. ప్రతిపక్షం ఉంది. ఇంకా చెప్పాలంటే మా తీరంలో ప్రతిపక్షమే గట్టిది. బారువలో పుట్టిన గౌతు లచ్చన్న కాంగ్రెసుని కాదని నిలబడి సోంపేటనుంచి పదేపదే గెలిచారు. 1967లో శ్రీకాకుళం పార్లమెంటు సీటు కూడా స్వతంత్ర పార్టీ తరఫున ఆయనే గెలిచి వదిలేస్తే, ఉప ఎన్నికలో ఎన్.జి.రంగా గెలిచారు.

"మరి ఇంకేం, స్వేచ్ఛ ఉన్నట్టే కదా? ఓడించాలనుకుంటే ఓడించారు కదా?" అని అడుగుతారు. ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. ఒకే పార్టీ చాలాకాలం గెలవడం వేరు, ఒకే పార్టీ తప్ప మరొకటి ఉండకూడదనడం వేరు. మొదటిది ప్రజల ఇష్టం, రెండోది నియంతృత్వం. ఈ తేడా మాకు తెలుసు. కాని మొదటిది ఎక్కువకాలం సాగితే రెండోదాని గుణాలు దానికి ఎట్లా వస్తాయో మా జిల్లా చూసింది.

ప్రతిపక్షం సీటు గెలవగలిగింది. ప్రభుత్వాన్ని కదపలేకపోయింది. సోంపేటలో ఎవరు గెలిచినా హైదరాబాదులో ఎవరు కూర్చుంటారో ముందే తెలుసు. ఆ సంగతి ఎమ్మెల్యేకి తెలుసు, తాసిల్దారుకి తెలుసు, ఠాణాలో ఎస్సైకి తెలుసు, షావుకారుకి తెలుసు. రేపు మరొకడొచ్చి లెక్క అడుగుతాడన్న భయం లేని అధికారి చట్టం వంక ఎందుకు చూస్తాడు? పైవాడి ముఖం వంక చూస్తాడు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర సభకి పోతున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపి ఇద్దర్ని చంపారు. గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదని చట్టం ఉంది. ఉన్న చట్టం అమలైతే చాలునన్న పోరాటమది. అమలు కాలేదు. పలాస దగ్గరి బొడ్డపాడులో చదువుకున్న కుర్రాళ్లు తుపాకీ వైపు చూశారు. 1969లో ఏజెన్సీని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. ఆ మే 27న పంచాది కృష్ణమూర్తినీ ఆయన సహచరుల్నీ జలంత్రకోట దగ్గర చంపారు. ఆ డిసెంబరులో బొడ్డపాడులో జముకుల కథ చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహినీ, పంచాది నిర్మలనీ చంపారు. 1970 జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోయారు. వందలమంది పోయారు. ఎన్‌కౌంటరు అన్న ఇంగ్లీషు మాట ఉద్దానంలో అక్షరం రాని ముసలమ్మకి కూడా తెలిసింది అప్పుడే.

తుపాకీ దారి సరైందని మేము అనడం లేదు. ఆ పార్టీ గెలిచి ఉంటే ఇంకో పార్టీని బతకనిచ్చేదా అని అడిగే హక్కు కూడా మాకుంది. ఆ దారిలోనూ చివరికి ఒకే పార్టీ ఉంది. కాని చంపినవాళ్లని ఎవరడిగారు? అడగడానికి మరో ప్రభుత్వం రావాలి కదా, వచ్చే దారి లేదు. 1977లో ఢిల్లీలో ప్రభుత్వం మారాకే తార్కుండే కమిటీ ఆంధ్రలో జరిగిన ఎన్‌కౌంటర్ల మీద విచారించి నివేదికలు బయటపెట్టగలిగింది. శవాల్ని లెక్కపెట్టడానికి కూడా ప్రభుత్వాలు మారుతూ ఉండాలి. ఒకే పార్టీ పాలనకీ రాజకీయ స్వేచ్ఛకీ పొత్తు కుదురుతుందా అన్నదానికి మా జిల్లా ఇచ్చిన మొదటి జవాబు ఇది.

రెండో జవాబు ఎమర్జెన్సీ. 1975 జూన్ 25 రాత్రినుంచి 1977 మార్చి దాకా. లచ్చన్న జైలుకి పోయారు. జూలైలో ప్రభుత్వం నిషేధించిన సంస్థల్లో ఆరెస్సెస్ ఉంది, నక్సలైటు గ్రూపులున్నాయి, జమాతె ఇస్లామీ కూడా ఉంది. ఆరెస్సెస్‌ని పట్టుకున్నాం గనక తూకం సరిపోవడానికి జమాత్‌నీ పట్టుకోవాలి. మత సామరస్యం అంటే రెండువైపులా సమానంగా అరెస్టులు చేయడమన్నమాట. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు దగ్గర బుల్డోజర్లు నడిచాయి. బుల్డోజరు ఈ ఏలికలు కనిపెట్టిన యంత్రమని అనుకునేవాళ్లు ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోవాలి. అదే నెలలో సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో మనిషికి ప్రాణం కోసం కూడా కోర్టుకెక్కే హక్కు లేదని తీర్పిచ్చింది. అయిదుగురిలో కాదన్నది జస్టిస్ ఖన్నా ఒక్కరే.

1977లో ఉత్తరాది కాంగ్రెసుని ఊడ్చేసింది. అక్కడి ముస్లింలు కూడా ఊడ్చారు. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. నంద్యాల ఒక్కటే పోయింది. జైళ్లు నిండినా, ఎన్‌కౌంటర్లు జరిగినా, 41 సీట్లు. మరుసటేడు శాసనసభలోనూ ఇందిరా కాంగ్రెసే గెలిచింది. తర్వాత అయిదేళ్లలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి - నలుగురు ముఖ్యమంత్రుల్ని ఢిల్లీ పెట్టింది, ఢిల్లీ తీసింది. ఓటు మనది, ముఖ్యమంత్రి వాళ్ల పెట్టెలోది.

ఓటు ఉంది గదా, ఇంకేం కావాలి అనేవాళ్లకి ఆ 41 సీట్లే మా జవాబు. రేషను కార్డు, ఇంటి పట్టా, కరణం సంతకం, కో-ఆపరేటివ్ అప్పు అన్నీ ఒకే జెండా కింద ఉన్నప్పుడు ఓటు వేసేవాడికి మరో జెండా కనపడదు. కనపడినా చెయ్యి పోదు. దాన్ని ప్రజల తీర్పు అనొచ్చు, అలవాటు అనొచ్చు, భయం అని కూడా అనొచ్చు. మూడూ కలిసే ఉంటాయి.

ఇప్పుడు మా పెద్దలకి చెప్పాల్సింది చెప్తాం. కాంగ్రెసు ఉంటేనే మనకి నీడ, అది పోతే దిక్కులేదు అని మా ఇళ్లల్లో మూడు తరాలు చెప్పుకున్నాయి. 1948 హైదరాబాదు పోలీసు చర్య తర్వాత భయంలోంచి పుట్టిన మాట అది. ఆ భయాన్ని మేము తేలిగ్గా తీసుకోం. కాని నీడ ఇచ్చేవాడు కిరాయి అడిగాడు. కిరాయి పేరు విధేయత. ఇఫ్తారుకి టోపీ పెట్టుకుని వచ్చాడు, మేము చప్పట్లు కొట్టాం. ఉర్దూ బడికి మాస్టారు లేడంటే వచ్చే ఏడు అన్నాడు, మేము సరే అన్నాం. 1985లో టాడా తెచ్చాడు, వేలమంది కుర్రాళ్లు జైళ్లలో ఏళ్లు గడిపారు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలుతుంటే ప్రధానమంత్రి తెలుగువాడు, కాంగ్రెసువాడు. నీడ ఎక్కడికి పోయింది?

అప్పుడు జరిగిన మరో సంగతి చెప్పాలి. మసీదు కూలిన నాలుగు రోజులకి ప్రభుత్వం ఆరెస్సెస్, విశ్వహిందూ పరిషత్తులతోపాటు జమాతె ఇస్లామీ హింద్‌ని మళ్లీ నిషేధించింది. మళ్లీ అదే తూకం. ఈసారి జమాత్ కోర్టుకెక్కింది. 1994 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదని కొట్టేసింది. జమాత్ రాజకీయాలతో మాకు పేచీలున్నాయి. అది వేరే సంగతి. 1976లో ప్రాణాన్ని కాపాడలేని కోర్టు 1994లో ఒక సంస్థ హక్కుని ఎట్లా కాపాడింది? కారణాలు చాలా ఉంటాయి. కాని మధ్యలో 1977 ఉంది, 1989 ఉంది. పాలకులు దిగిపోతారని, దిగిపోయాక మామూలు మనుషులైపోతారని ఈ దేశం రెండుసార్లు చూసింది. జడ్జీలూ చూశారు. మమ్మల్ని నీడ కాపాడలేదు. ఏలికలు దిగిపోగలరన్న ఎరుక కొంత కాపాడింది.

లౌకికవాద మిత్రులకి ఒక మాట. మీరు మాకు మంచే కోరతారు. కాని ఎన్నికలొచ్చిన ప్రతిసారీ మాకు ఒకే సలహా ఇస్తారు: మతతత్వం వస్తోంది, ప్రశ్నలు తర్వాత, ముందు ఫలానా పార్టీని గెలిపించండి. మతతత్వం నిజమే. ప్రశ్నలు తర్వాత అన్నదే అబద్ధం. ప్రశ్న వాయిదా పడ్డచోటే మరొకడు పాతుకుపోతాడు. భయపెట్టి అడిగిన ఓటుకి జవాబు చెప్పాల్సిన పని ఎవడికీ లేదు.

వామపక్ష మిత్రులకి కూడా చెప్పాలి, ఎందుకంటే ఉద్దానంలో ఎర్రజెండా మీద ఈనాటికీ గౌరవం ఉంది. పశ్చిమ బెంగాలులో లెఫ్ట్ ఫ్రంట్ 1977నుంచి 2011 దాకా, 34 ఏళ్లు ఏలింది. భూసంస్కరణలు చేసింది, మతకలహాలు పెద్దగా జరగనివ్వలేదు. కాదనం. కాని 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చేసరికి, జనాభాలో నాలుగోవంతు ముస్లింలున్న ఆ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగాల్లో వాళ్ల వాటా చాలా తక్కువని తేలింది. ముప్పై ఏళ్లలో ఎవరికీ ఆ లెక్క తియ్యాలని ఎందుకు తోచలేదు? ప్రాణాలకి భద్రత ఇచ్చాం గదా, ఇంకేం అడుగుతారనుకున్నారు. పార్టీ ఆఫీసుకి తెలియకుండా ఊళ్లో పెళ్లి కూడా జరగని స్థితి వచ్చింది. 2007 మార్చి 14న నందిగ్రామ్‌లో భూములివ్వమన్న రైతుల మీద పోలీసులు కాల్చారు. 14 మంది చనిపోయారు. భూమి ఇవ్వనన్నవాళ్లలో ముస్లిం రైతులు చాలామంది. మంచి పార్టీ అయినా సరే, తను పోనని నమ్మకం కుదిరాక కాల్చగలదు. అది పార్టీ చెడ్డతనం కాదు, పదవి ఇచ్చే రోగం. ఎర్రజెండాకీ వస్తుంది, మూడు రంగుల జెండాకీ వస్తుంది, పచ్చజెండాకీ వస్తుంది.

పచ్చజెండా అన్నాం గనక మా ఇంటి సంగతి దాటెయ్యం. హైదరాబాదు పార్లమెంటు సీటు 1984నుంచి ఒకే ఇంట్లో ఉంది. తండ్రి ఆరుసార్లు, కొడుకు 2024తో కలిపి అయిదుసార్లు. మజ్లిస్ పార్లమెంటులో మా తరఫున మాట్లాడుతుంది, గట్టిగా మాట్లాడుతుంది. ఆ గొంతు విని ఇక్కడ కాశీబుగ్గలో కూర్చున్న మావాడికి కూడా ధైర్యమొస్తుంది. సరే. కాని పాతబస్తీలో నీళ్లు, బడులు, ఆస్పత్రులు నలభై ఏళ్లలో ఎంత మారాయని అక్కడివాళ్లే అడిగితే, కౌమ్‌లో చీలిక తెస్తున్నావని నోరు మూయించడం ఏం న్యాయం? 1994లో పాతబస్తీ ఓటర్లు మజ్లిస్ బచావో తహ్రీక్‌కి రెండు సీట్లిచ్చి, మజ్లిస్‌కి ఒకటే ఇచ్చారు. ఆకాశం విరిగిపడలేదు. కౌమ్ చీలిపోలేదు. మజ్లిస్ మాత్రం ఇల్లిల్లూ తిరగాల్సొచ్చింది. మైనారిటీ లోపల కూడా కాదనేవాడు ఉండాలి. లేకపోతే బయటివాడి దయ స్థానంలో లోపలివాడి దయ వస్తుంది, అంతే తేడా.

ఇక ఇప్పటి ఏలికల సంగతి. గుజరాతులో బీజేపీ 1998నుంచి దిగలేదు. 2002లో ఏం జరిగిందో ప్రపంచానికి తెలుసు. ఆ ఏడునుంచి 2022 దాకా అక్కడ అయిదు శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఆ పార్టీ ఒక్క ముస్లింకి కూడా టికెట్ ఇవ్వలేదు. ఇవ్వకుండానే ప్రతిసారీ గెలిచింది. మేము శ్రీకాకుళంలో లెక్కకు రామని మొదట చెప్పుకున్నాం. గుజరాతులో లెక్కకు వచ్చేంతమంది ఉండి కూడా లెక్కలోంచి కొట్టేశారు. ఒకే పార్టీ నిలకడగా గెలిస్తే, ఎవరు అవసరమో ఎవరు కాదో అదే నిర్ణయిస్తుంది. 2014నుంచి ఢిల్లీలో అదే పార్టీ. 2024లో సొంతంగా మెజారిటీ రాక తెలుగుదేశం, జనతాదళ్ (యు) మద్దతు కావలసి వచ్చింది. అప్పుడైనా చిన్నపార్టీల చేతిలో పగ్గం ఉందనుకున్నాం. 2025 ఏప్రిల్‌లో వక్ఫు చట్టం సవరణ వచ్చినప్పుడు తెలుగుదేశం దానికి ఓటేసింది. పలాసకీ టెక్కలికీ పార్లమెంటులో ప్రాతినిధ్యం వహిస్తున్నది ఆ పార్టీయే. మా మసీదుల, మా ఖబరస్తాన్ల ఆస్తుల సంగతి తేల్చే ఓటు వేసేముందు ఈ తీరంలో ఎవరైనా మా గుమ్మం తొక్కారా? తొక్కాల్సిన అవసరం వాళ్లకేముంది? ఓట్ల లెక్కలో మేము లేం.

కాబట్టి పార్టీలు మారితే చాలునని కూడా మేము అనం. 1983లో తెలుగుదేశం గెలిచినప్పుడు ఉద్దానంలో జనం పండగ చేసుకున్నారు. చేసుకోవాల్సిందే, రాష్ట్రంలో పాలకపార్టీని ఓటుతో దించడం అదే మొదటిసారి. 1984 ఆగస్టులో గవర్నరు రామ్‌లాల్ ఆ ప్రభుత్వాన్ని పడగొడితే జనం నెలరోజుల్లో తిరిగి నిలబెట్టుకున్నారు. అదీ స్వేచ్ఛే. కాని పదేళ్లు తిరిగేసరికి ఆ పార్టీ కూడా ఒక మనిషి అయిపోయింది. 1994లో రామారావు హిందూపురంతోపాటు మా టెక్కలిలో కూడా గెలిచి, హిందూపురం ఉంచుకుని టెక్కలి వదిలేశారు. ఓటేసిన టెక్కలిని ఎవరూ అడగలేదు. ఏడాది తిరక్కుండా ఆయన్నే పార్టీ వదిలేసింది. అప్పుడూ ఎవరూ ఓటర్లని అడగలేదు. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అని అంబేద్కర్ 1949 నవంబరులోనే రాజ్యాంగసభలో హెచ్చరించారు. విన్నవాళ్లు తక్కువ.

2010 జూలై 14న సోంపేటలో థర్మల్ కేంద్రం వద్దని బీల భూముల కోసం నిలబడ్డ రైతులమీద, మత్స్యకారుల మీద పోలీసులు కాల్చారు. 2011 ఫిబ్రవరి 28న టెక్కలి పక్కన సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మళ్లీ అదే. ప్రాణాలు పోయాయి. అప్పుడున్నది కాంగ్రెసు ప్రభుత్వం. ప్రతిపక్షాలన్నీ వచ్చి ఓదార్చాయి. ఓదార్చిన పార్టీలు తాము ఏలినప్పుడు భూసేకరణ మానుకున్నాయా? 1940 మందసలో కాల్చిన చేతికీ 2010 సోంపేటలో కాల్చిన చేతికీ యూనిఫాం మారింది, తుపాకీ మారింది. ఆజ్ఞ వచ్చే తీరు మారలేదు.

2019లో ఒక పార్టీకి 175లో 151 సీట్లు. 2024లో మరో కూటమికి 164. ఓడిన పార్టీకి 11. ఇక్కడ ఒకే పార్టీ ముప్పై ఏళ్లు ఏలడం లేదు, నిజమే. కాని ఏలే అయిదేళ్లూ ఒకే పార్టీ ఉన్నట్టు ఏలుతున్నారు. 2014 తర్వాత పింఛను ఎవరికో జన్మభూమి కమిటీ చెప్పేది. 2019 తర్వాత యాభై ఇళ్లకొక వాలంటీరు వచ్చాడు. ఒకరు కమిటీ అన్నారు, ఒకరు సేవ అన్నారు. ఇంట్లో ఎవరెటు ఓటేస్తారో తెలిసిన మనిషి చేతుల్లో ముసలవ్వ పింఛను పెట్టడం రెండిటిలోనూ ఉంది. మన కాగితాల్లో ఇప్పుడు పౌరుడన్న మాట లేదు, లబ్ధిదారు అంటున్నారు. రయ్యత్‌కి కొత్త తర్జుమా అది.

అయినా పార్టీలు మారడం వల్ల ఏమీ రాలేదంటే అబద్ధమవుతుంది. ఉద్దానం కిడ్నీ జబ్బు చూడండి. కొబ్బరితోటలు, జీడితోటల మధ్య పచ్చగా ఉండే ఊళ్లల్లో మనుషులు నడివయసుకే మూత్రపిండాలు పాడై పోతూ ఉంటే ఏళ్ల తరబడి లెక్క రాసినవాడు లేడు. విశాఖ ఆస్పత్రికి పోవడానికి ఆస్తులమ్ముకున్నారు. 2017లో పవన్ కల్యాణ్ వచ్చి ఇది ఎన్నికల ప్రశ్న చేశారు. అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం కదిలి డయాలసిస్ కేంద్రాలు పెట్టింది. తర్వాతి ప్రభుత్వం మరో మెట్టెక్కాల్సొచ్చి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం, దాంతోపాటు తాగునీటి పథకం ప్రారంభించింది. జబ్బు పోలేదు. కారణం పూర్తిగా తేలలేదు. కాని మనిషి చావు ప్రభుత్వానికి కనపడింది. ఎందుకు కనపడింది? ఒకడు చెయ్యకపోతే ఇంకొకడు ఆ మాట చెప్పి ఓటు పట్టుకుపోతాడని భయపడ్డారు గనక. ఆ భయం ఉన్నచోట నీళ్లొచ్చాయి. అది లేనన్నాళ్లూ చావులే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2009లో నియోజకవర్గంగా ఏర్పడ్డప్పటినుంచి పలాస నాలుగు ఎన్నికల్లో ప్రతిసారీ పార్టీ మార్చింది: కాంగ్రెసు, తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెసు, మళ్లీ తెలుగుదేశం. టెక్కలి 2014, 2019, 2024 మూడుసార్లూ తెలుగుదేశానికే ఇచ్చింది. అయితే పలాస స్వేచ్ఛ గలది, టెక్కలి బానిసదీ అవుతాయా? కావు. పలాస ప్రతిసారీ ఏలబోయే పార్టీవైపే ఒరిగింది. 2019లో గాలికి ఎదురు నిలిచింది టెక్కలి. ఒక ఊరు ఒకే పార్టీని పట్టుకుని ఉండటంలో తప్పేమీ లేదు, అది ఆ ఊరి ఇష్టం. ఏలుతున్న పార్టీకి వేయని ఊరికి కూడా రోడ్డు పడిందా, వేయని ఇంటికి కూడా పింఛను వచ్చిందా, వేయలేదని చాటిన మనిషి రాత్రి ఇంట్లో నిద్రపోయాడా అన్నవే స్వేచ్ఛకి పరీక్షలు. ఈ పరీక్షలో ఒకే పార్టీ దీర్ఘపాలన నెగ్గిన దాఖలా మాకు కనపడలేదు. మార్పు వల్ల నెగ్గే అవకాశమైనా ఉంది.

సింగపూరుని చూపించేవాళ్లకి కూడా ఇదే చెప్తాం. అక్కడ ఒకే పార్టీ 1959నుంచి ఏలుతోంది, రోడ్లు శుభ్రంగా ఉన్నాయి. ఉండొచ్చు. మెక్సికోలో ఒక పార్టీ 1929నుంచి 2000 దాకా ఏలింది, ఎన్నికలు తప్పకుండా జరిపి మరీ ఏలింది. సిరియాలో బాత్ పార్టీ 1963నుంచి 2024 దాకా ముస్లింలని ముస్లిం పేర్లతోనే జైళ్లలో కుక్కింది. ఎంత శుభ్రమైన పాలనకైనా, ఎంత మన పేరున్న పాలనకైనా ఒకే ప్రశ్న వేస్తాం: నిన్ను వద్దన్నవాణ్ణి ఏం చేశావు?

మా కోరికలు చిన్నవి. ఠాణా పార్టీ ఆఫీసు మాట వినకూడదు. పింఛనూ రేషనూ చట్టంలో రాసినట్టు రావాలి, ఎవరూ ఇచ్చామని చాటుకోకూడదు. రిజర్వేషనూ వక్ఫూ ఎన్నికల తాయిలాలుగానూ, ఎన్నికల బెదిరింపులుగానూ ఉండకూడదు. బీల కావాలన్న బెస్తవాడికీ, కొండ కావాలన్న సవరకీ, నమాజు చదువుకుంటానన్న మాకూ ప్రభుత్వం ముందు సమానమైన గొంతుండాలి. ఏలేవాడెవడైనా సరే అయిదేళ్లకి దిగిపోయే మనిషిలాగా ఏలాలి, దిగాక కూడా ఇదే వీధిలో నడవాల్సిన మనిషిలాగా ఏలాలి.

నూటికి యాభయ్యొక్కరు ఉన్నవాళ్లకి ప్రజాస్వామ్యం సులువే. ఏ పార్టీ వచ్చినా వాళ్ల మాట నడుస్తుంది. నూటికి ఒక్కరు కూడా లేనివాళ్లం, మేము బతికే తీరు చూసి చెప్పండి ఈ రాజ్యంలో స్వేచ్ఛ ఉందో లేదో. ఇంకోసారి ఎవరైనా వచ్చి, మీ క్షేమం కోసం మా పార్టీయే ఎల్లకాలం ఉండాలి అంటే మా జవాబు ఇప్పుడే చెప్తున్నాం. మీరు ఉండండి, గెలిస్తే ఏలండి. ఎల్లకాలం మాత్రం వద్దు. మా క్షేమం మీ దగ్గర తాకట్టులో లేదు.